సరిపడా అప్పు

బ్యాంకులో ఉద్యోగం వచ్చిందంటే తెలుగు ఇళ్లలో ఇప్పటికీ స్వీట్లు పంచుతారు. అది కౌంటరు వెనక కుర్చీలో కూర్చునే ఉద్యోగం కాదని, చిన్న వ్యాపారుల దగ్గరికి వెళ్లి ఖాతాలు తెరిపించి అప్పులిప్పించే సేల్స్ విభాగంలో అని తెలిసేసరికి ఆ సంతోషంలో సగం కరిగిపోతుంది. ‘ఇంత చదివి కొట్ల చుట్టూ తిరగడమేమిట్రా’ అంటుంది తల్లి. ‘ఓ ఏడాది చెయ్యి, ఈలోగా పీవో పరీక్షకు చదువుకో’ అని మేనమామ సర్దిచెబుతాడు. ఆ పిల్లవాడో పిల్లో అసలు ఉద్యోగం ఇంకెక్కడో ఉందనుకుంటూనే హెల్మెట్టూ బ్యాగూ పట్టుకుని పనిలోకి దిగుతారు. నేను చిన్న వ్యాపారాల రుణ విభాగంలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ఆ పని నేర్పుతున్నాను. ఇంట్లో విన్న ఆ మాటలు మొదటి వారం వాళ్ల మొహాల్లోనే కనపడతాయి. బ్యాంకులో ఇంతకన్నా బాధ్యత గల పని, మనిషికి ఇంత నేర్పే పని నేను మరొకటి చూడలేదు. అది వాళ్లకు ఎలా చెప్పాలా అన్నదే నా ఆలోచన ఎప్పుడూ.

కొట్టు దగ్గరికి బ్యాంకు నడిచి వెళ్లడం నిన్నమొన్నటి మార్కెటింగ్ ఎత్తు కాదు. 1925లో ఉడుపిలో పుట్టిన సిండికేట్ బ్యాంకు 1928లో పిగ్మీ డిపాజిట్ పథకం పెట్టింది. రోజుకు రెండణాలు చాలు. ఏజెంటే ఇంటికీ కొట్టుకూ వచ్చి తీసుకుని, చీటీ రాసి వెళ్లేవాడు. బ్యాంకు గుమ్మం ఎక్కడానికి జంకే చేనేత కార్మికుడు, చిన్న వర్తకుడు అలా ఖాతాదారులయ్యారు. సిండికేట్ పుట్టడానికి రెండేళ్ల ముందు, 1923 నవంబరులో, భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో మొదలుపెట్టారు. సిండికేట్ స్థాపకుల్లో ఒకరైన టి.ఎం.ఎ. పాయ్, పట్టాభి ఇద్దరూ వైద్యులే కావడం నాకు ఇష్టమైన సంగతి. 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులోనూ, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోనూ కలిసిపోయాయి. పేర్లు పోయినా, ఇవాళ విజయవాడ బీసెంట్ రోడ్డులో ఎండలో షాపు షాపుకూ ఎక్కి దిగే కుర్రాడు చేస్తున్నది ఆ పనే. నామోషీ పడవలసిన అవసరమే లేదు.

సేల్స్ అన్న మాటతోనే పనిలోకి వచ్చినవాళ్లు మొదట గ్రహించవలసిన తేడా ఒకటుంది. చీర అమ్మినవాడికి డబ్బు గల్లాపెట్టెలో పడగానే బేరం ముగుస్తుంది. అప్పు అమ్మినవాడు సరుకు ముందే చేతిలో పెట్టి, దాని కోసం మూడేళ్లో ఐదేళ్లో ఎదురుచూస్తాడు. కొన్నవాడు బాగుపడితేనే అమ్మినవాడికి డబ్బు వస్తుంది. ఇంకే అమ్మకంలోనూ ఈ షరతు ఇంత గట్టిగా లేదు. ఇది తెలిసినవాడికి ‘దరఖాస్తుల లాగిన్ ఎన్ని అయ్యాయి, డిస్బర్స్‌మెంట్ ఎంత’ అన్న నెలాఖరు లెక్క పక్కనే, ‘ఈ మనిషికి ఎంత కావాలి’ అన్న లెక్క కూడా కనిపించడం మొదలవుతుంది. ఈ రెండో లెక్క కోసమే నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

అప్పు ఎక్కువైతే ప్రమాదమని అందరూ చెబుతారు. నిజమే. అప్పు తక్కువైనా అంతే ప్రమాదమని చెప్పేవాళ్లు తక్కువ. కొత్తగా చేరిన ఉద్యోగికి జాగ్రత్త అంటే కోత అనే పాఠమే ముందు అబ్బుతుంది. అడిగినదాంట్లో ముప్పాతిక ఇస్తే బ్యాంకు డబ్బు భద్రమనుకుంటాడు. పైవాళ్లు కూడా మెచ్చుకుంటారు.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లేత్ నడుపుకునే ఒకాయన సంగతి చెబుతాను. పాత యంత్రం మీద జాబ్ వర్క్ చేసి చేసి, సీఎన్‌సీ యంత్రం పెడితే పెద్ద ఆర్డర్లు పట్టుకోవచ్చని లెక్క వేసుకున్నాడు. లెక్క సరైనదే, నేనూ చూశాను. తన వాటా డబ్బు పక్కన పెట్టుకుని, యంత్రానికీ, కరెంటు లోడు పెంచుకోవడానికీ, మొదటి మూడు నెలల కడ్డీలకూ టూల్స్‌కూ కలిపి ఇంకా 30 లక్షలు కావాలన్నాడు. ఆయన వెళ్లిన బ్రాంచి వాళ్లు 22 లక్షలకు తగ్గించారు. మిగతా 8 లక్షలు సొంతంగా చూసుకుంటానని రాయించుకున్నారు. సొంతంగా చూసుకోవడమంటే ఏమిటో సంతకం పెట్టించినవాళ్లకూ తెలుసు, పెట్టినాయనకూ తెలుసు. నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసి తెచ్చాడు. నెల తిరిగేసరికి ఒక్క వడ్డీకే 24 వేలు. అసలు అక్కడే ఉంటుంది. బ్యాంకు వాయిదా వేరే. యంత్రం వచ్చింది, నున్నగా మెరుస్తూ నిలబడింది, కడ్డీలు కొనడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు. నీళ్లు పడకముందే తవ్వడం ఆపేసిన బావికి పెట్టిన ఖర్చంతా ఖర్చే. బాకీ మొండికేసిన తర్వాత ఫైలులో ‘వ్యాపార నిర్వహణ సరిగా లేదు’ అని రాశారు. ఆ వాక్యం చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. ఆయన నిర్వహణ బాగానే ఉంది. మొదటి రోజు నుంచీ తక్కువైంది ఆ 8 లక్షలే.

సరిపడా అంటే ఎంత? దీనికి బ్యాంకుల్లో ఒక పాత సూత్రముంది. 1991లో రిజర్వ్ బ్యాంక్ వేసిన పి.ఆర్. నాయక్ కమిటీ చిన్న పరిశ్రమలకు రుణాలు ఎందుకు సరిగా అందడం లేదో పరిశీలించి, ఏడాది అమ్మకాల అంచనాలో నాలుగో వంతు నిర్వహణ మూలధనం కావాలని, అందులో అమ్మకాల మీద 20 శాతం బ్యాంకు ఇవ్వాలని, 5 శాతం యజమాని పెట్టుకోవాలని చెప్పింది. కోటి రూపాయల అమ్మకాలుంటే 20 లక్షలు బ్యాంకుది, 5 లక్షలు సొంతం. ఇవాళ కొత్త ఉద్యోగి కంప్యూటరులో అంకెలు కొడితే వచ్చే లిమిట్ వెనక ఉన్నది ఎక్కువగా ఈ లెక్కే. నాలుగో వంతు అంటే మూడు నెలలు. పెట్టిన రూపాయి సరుకై, బాకీ అయి, మళ్లీ రూపాయిగా తిరిగి రావడానికి మూడు నెలలు పడుతుందన్న ఊహ అందులో ఉంది. కమిటీ దాన్ని కనీసపు కొలతగానే పెట్టింది. మనవాళ్లు చాలాచోట్ల దాన్నే గరిష్ఠంగా పట్టుకున్నారు.

కృష్ణా జిల్లాలో పచ్చళ్లు పెట్టి అమ్మే ఒక ఆవిడ వ్యాపారం చూడండి. కాయ, కారం, ఆవాలు, నూనె అన్నీ వేసవిలో ఒక్కసారే కొనాలి. కాయ ముదిరే ఆ కొద్ది వారాలూ పోతే మళ్లీ ఏడాదే. ఆవకాయ జాడీలు మాత్రం ఏడాది పొడుగునా నెమ్మదిగా ఖాళీ అవుతాయి. ఆమె రూపాయి తిరిగి రావడానికి మూడు నెలలు ఎలా సరిపోతాయి? ఉదయం తెచ్చిన కూరగాయలు సాయంత్రానికి అమ్మేసే మనిషికేమో మూడు నెలల డబ్బు అక్కర్లేదు. ఎక్కువ ఇస్తే అది ఇంటి కప్పుకో పెళ్లి ఖర్చుకో పోయి, వాయిదా మాత్రం కూరగాయల మీద పడుతుంది. సూత్రం ఒకటే అయినా చేతికివ్వవలసిన మొత్తాలు రెండు. ఆ తేడా కంప్యూటరు చెప్పదు. కొట్టుకు వెళ్లి, ‘అమ్మా, ఈ డబ్బా నింపడానికి పెట్టిన డబ్బు మళ్లీ ఎప్పుడు చేతికొస్తుంది?’ అని అడిగినవాళ్లకే తెలుస్తుంది.

మొత్తం ఎంత ముఖ్యమో వేళ కూడా అంతే ముఖ్యం. దసరాకు కొత్త సరుకు దించాలంటే బట్టల వ్యాపారికి శ్రావణంలోనే డబ్బు కావాలి. కాగితాల మీద కాగితాలడిగి దీపావళి తర్వాత మంజూరు చేస్తే, ఆ శాంక్షన్ లెటర్ ఆయనకు వడ్డీ కట్టే హక్కు తప్ప ఇంకేమీ ఇవ్వదు. భీమవరం వైపు రొయ్యల మేత అమ్మే డీలరుకు డబ్బు వచ్చేది చెరువు పట్టుబడి అయ్యాకే. రైతుకు నెలల తరబడి మేత అరువిచ్చి, పట్టుబడి రోజున వసూలు చేసుకుంటాడు. అలాంటాయనకు నెలనెలా ఈఎంఐ కట్టే టర్మ్ లోన్ అంటగడితే మొదటి నెలలోనే గొంతు పట్టుకున్నట్టవుతుంది. ఆయనకు కావలసింది అవసరమైనప్పుడు తీసుకుని, డబ్బు వచ్చినప్పుడు జమ చేసుకునే సీసీ లిమిట్. టర్మ్ లోన్ టార్గెట్ మిగిలిపోయిందని నెలాఖరున అది ఇప్పించే సేల్స్‌మన్‌ను మంచి సేల్స్‌మన్ అని నేను అనలేను. బహుమతి వస్తే రావచ్చు.

బ్యాంకు తక్కువిచ్చినా, ఆలస్యంగా ఇచ్చినా ఆ ఖాళీ ఖాళీగా ఉండదు. ఎదురుగా రోజువారీ ఫైనాన్స్ వాళ్లు తయారుగా ఉంటారు. పదివేలు రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తగ్గిపోతూ ఉంటే, వడ్డీ మాత్రం మొత్తం మీద ముందే కోసేశారు. ఏడాదికి లెక్క వేస్తే 75 శాతం దాటుతుంది. బండి మీద ఇడ్లీ అమ్మే మనిషికి ఇది తెలియక కాదు. తెల్లవారితే పప్పు, రవ్వ కొనాలి, ఫైనాన్స్ కుర్రాడు గుమ్మం ముందే ఉన్నాడు, బ్యాంకు లేదు. 2015 డిసెంబరులో విజయవాడ కాల్ మనీ వ్యవహారం బయటపడినప్పుడు వడ్డీ వ్యాపారుల దుర్మార్గం గురించి అందరం మాట్లాడాం. అవసరమున్నవాళ్లు అక్కడిదాకా ఎందుకు వెళ్లవలసి వచ్చిందన్నది మా బ్యాంకు వాళ్లం మాట్లాడుకోవలసిన మాట.

అలాగని దారులు లేక కాదు. సూక్ష్మ, చిన్న వ్యాపారాలకు 10 లక్షల వరకు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంక్ 2010లోనే చెప్పింది. తాకట్టు లేకుండా ఇచ్చే అప్పులకు హామీ ఇచ్చే ట్రస్టును కేంద్రమూ సిడ్బీ కలిసి 2000లో పెట్టాయి. 2015 ఏప్రిల్‌లో వచ్చిన ముద్ర పథకంలో శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. తరుణ్ అప్పు సక్రమంగా తీర్చినవాళ్లకు 2024 నుంచి 20 లక్షల దాకా. 2020లో వచ్చిన స్వనిధి పథకం వీధి వ్యాపారికి మొదటి విడత 10 వేలిచ్చింది, ఇప్పుడది 15 వేలు. ఇవన్నీ గోడ మీద పోస్టర్లుగా ఉన్నాయి. పోస్టరు చదివి లోపలికొచ్చి ‘నాకు తాకట్టు లేకుండా ఇవ్వాలట కదండీ’ అని మేనేజరును నిలదీయగల చిన్న వ్యాపారి ఎంతమంది? ఆ మాట ఆయన కొట్టులోనే, ఆయన భాషలో, ముందుగా తానే చెప్పే మనిషి కావాలి. ఆ ట్రస్టు హామీ బ్యాంకుకే గానీ తీసుకున్నాయన బాకీ మాఫీ కాదని కూడా అప్పుడే చెప్పాలి. కొత్త ఉద్యోగికి నేను అప్పజెప్పే మొదటి పని ఇదే.

చూడటం నేర్చుకోవాలి. కొట్టు తెరిచేవేళ వెళితే ఒకటి కనిపిస్తుంది, కట్టేసేవేళ వెళితే ఇంకొకటి. తెరిచేవేళ సరుకు దింపుతున్నది ఎవరు, నగదు అడుగుతున్నారా, పద్దులో రాసుకుని పోతున్నారా అన్నది తెలుస్తుంది. కట్టేసేవేళ గల్లా లెక్కపెట్టేది యజమానో కాదో తెలుస్తుంది, రోజువారీ ఫైనాన్స్ వాడు వచ్చి కార్డు మీద టిక్కు పెట్టుకుపోవడమూ కనపడుతుంది. జీఎస్టీ రిటర్నులో అమ్మకాలు ఉంటాయి. కరెంటు బిల్లులో యంత్రం ఎన్ని గంటలు తిరిగిందో ఉంటుంది. అటక మీద సరుకు అట్టపెట్టెల మీద దుమ్ము ఎంతుందో చూస్తే, స్టాక్ స్టేట్‌మెంటులో రాసిన విలువలో అమ్ముడుపోయేది ఎంతో తెలుస్తుంది. మా పాత మేనేజరు ఒకరు షాపులో కుర్చీ వేసినా కూర్చునేవారు కాదు. నిలబడి ఉంటే కొనడానికి వచ్చినవాళ్లు వ్యాపారితో మామూలుగా మాట్లాడతారని, కూర్చుంటే అందరూ బ్యాంకాయన కోసం సర్దుకుని మాట్లాడతారని చెప్పేవారు.

అడగడమూ నేర్చుకోవాలి. ‘మీకు ఎంత కావాలండీ?’ అన్నది అందరూ అడిగే ప్రశ్న. ‘మీకు రావలసింది ఎంతండీ?’ అన్నది ముందు అడగవలసిన ప్రశ్న. చాలాసార్లు అప్పు అడగడానికి కారణం వ్యాపారం పెరగడం కాదు, పెద్ద కొనుగోలుదారు డబ్బు ఇవ్వకపోవడం. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నవాళ్లు ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలి. చిన్న సప్లయరు ఫిర్యాదు చేయడు. చేస్తే మళ్లీ ఆర్డరు రాదు. ఆ భయం న్యాయమైనదే, దాన్ని తేలిక చేసి మాట్లాడకూడదు. బిల్లుల మీద డబ్బిచ్చే ట్రెడ్స్ లాంటి ఏర్పాటు ఉందని, కొనుగోలుదారు అందులో ఉన్నాడేమో చూద్దామని చెప్పగలిగితే ఒక్కోసారి కొత్త అప్పు అవసరమే ఉండదు. ఆ నెల లాగిన్ ఒకటి తగ్గుతుంది. ఆ వ్యాపారి మాత్రం జీవితాంతం మన ఖాతాదారుగా ఉంటాడు, నలుగురిని వెంటబెట్టుకొస్తాడు.

ఇప్పుడు ఫోనులోనే అప్పులు వస్తున్నాయి, క్యూఆర్ కోడ్ మీద వచ్చే జమలు చూసి నిమిషాల్లో మంజూరు చేస్తున్నారు, ఇంకా మనిషెందుకు అని పిల్లలు అడుగుతుంటారు. ఆ వేగం మంచిదే, చిన్న మొత్తాలకు చాలా మేలు చేసింది. కానీ స్టేట్‌మెంటులో వచ్చిన డబ్బు కనిపిస్తుంది, హోల్‌సేల్ వ్యాపారికి నోటిమాట మీద ఉన్న బాకీ కనిపించదు. చీటీ పాట ఎత్తి వాడేసుకున్న సంగతి కనిపించదు. మాఘంలో కూతురి పెళ్లి ఉందని, పక్క వీధిలో పెద్ద సూపర్‌మార్కెట్ తెరవబోతున్నారని, కొడుకు దుబాయ్ నుంచి వచ్చి కొట్టు చూసుకోబోతున్నాడని యాప్‌కు తెలియదు. ఇవి అడిగినంత మాత్రాన చెప్పే విషయాలూ కావు. రెండోసారో మూడోసారో టీ తాగుతూ బయటికొస్తాయి.

టార్గెట్ల గురించి మౌనంగా ఉండలేను. టార్గెట్ ఉండటం తప్పు కాదు. అది లేకపోతే చాలా బ్రాంచీలు పోస్టరు అంటించి ఊరుకుంటాయి. తప్పు జరిగేది అప్పు కోసం వచ్చిన మనిషి నిస్సహాయతను ఇంకో అమ్మకానికి వాడుకున్నప్పుడు. ‘ఈ ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుంటేనే ఫైలు కదులుతుంది’ అని చెప్పి, రెండు లక్షల అప్పులోంచి ఇరవై వేల ప్రీమియం కోసేస్తే, సరిపడా అని లెక్క కట్టిన అప్పు చేతికి రాకముందే తక్కువైపోయింది. ఆ ఇరవై వేలు మళ్లీ రోజువారీ ఫైనాన్స్ దగ్గరే పుడతాయి. 2024 అక్టోబరు నుంచి ఎంఎస్ఎంఈ టర్మ్ లోన్లకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన పెట్టింది. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు అందులో ఉండాలి, తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. కొత్తగా చేరినవాళ్లు ఆ పత్రాన్ని సంతకాల కట్టలో కలిపేయకుండా, కొట్టు గట్టు మీద పెట్టి గట్టిగా చదివి వినిపించాలని నా కోరిక. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల తర్వాత వ్యాపారి మిమ్మల్ని చూసే తీరే మారుతుంది.

అప్పిచ్చాక మళ్లీ ఆ కొట్టుకు వెళ్లడం ఇంకో పెద్ద విషయం. వాయిదా తప్పిన మొదటి 30 రోజులు ఒక దశ, 60 వరకు రెండోది, 90 వరకు మూడోది, 90 దాటితే మొండి బాకీ. ఫోన్లు మొదలయ్యేది వాయిదా తప్పాక. మనిషి వెళ్లవలసింది అంతకు ముందు. వాన పడి వ్యాపారం పోయిందో, యజమాని జబ్బుపడ్డాడో, సరుకు తీసుకున్నవాడు ఎగ్గొట్టాడో తెలిస్తే వాయిదాలు సర్దడానికి దారి ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు నీట మునిగినప్పుడు, సింగ్‌నగర్ వైపు ఎన్నో కొట్లలో సరుకంతా తడిసిపోయింది. నీళ్లు తీశాక బురదలో దిగి తమ ఖాతాదార్లను పలకరించి, ఏం మిగిలింది, ఏం పోయింది అని రాసుకుని వచ్చిన సేల్స్ కుర్రాళ్లను నేను ఎరుగుదును. అది వాళ్ల టార్గెట్ షీటులో ఏ గడిలోనూ లేని పని. బ్యాంకు పని అంటే అదే.

ఈ మాటలు కొత్తగా చేరుతున్నవాళ్లకూ, వాళ్లను పంపుతూ కాస్త చిన్నబోతున్న తల్లిదండ్రులకూ కలిపి చెబుతున్నాను. పీవో పరీక్ష రాయాలనుకుంటే రాయండి, మంచిదే. కానీ ఈ ఉద్యోగాన్ని మధ్యలో తలదాచుకునే చోటుగా చూడకండి. ఎవరి ముందైనా దరఖాస్తు ఫారం పెట్టేముందు, వాళ్ల అనుమతితో ఒక పూట ఆ కొట్టులో గడపండి. వచ్చేదెంత, పోయేదెంత, రావలసిందెంత, ఎప్పుడు అన్నది మీ సొంత చేతిరాతతో రాసుకోండి. ఆ లెక్క చెప్పిన మొత్తాన్నే పైకి పంపండి. పైవాళ్లు కోయబోతే, ఎందుకు కోయకూడదో ఆ కాగితం పట్టుకుని వాదించండి. ఎక్కువ ఇవ్వమంటే, ఎందుకు వద్దో కూడా అంతే గట్టిగా చెప్పండి.